మెమరీ నిండా చప్పట్లే

మా ఆర్కెస్ట్రాలో ఒకప్పుడు తొమ్మిదిమందిమి ఉండేవాళ్ళం. నేను శాంప్లర్ కొన్నాక నలుగురం మిగిలాం. ఈ సంగతి ఎక్కడ చెప్పినా జనం ఆ మిషన్‌ను తిడతారు. నేను వాళ్ళను సరిదిద్దను. తిట్లు నేరుగా మిషన్‌కే పోతుంటే మధ్యలో నేనెందుకు అడ్డు నిలబడాలి?

గుడివాడలో పదో తరగతి పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెబుతాను. శుభకార్యాల రోజుల్లో కీబోర్డు వాయిస్తాను. ఈ రెండింటిలో మీ అసలు వృత్తి ఏదండీ అని ఎవరైనా అడిగితే, నేను ఆలోచించేలోగా మా ఆవిడ "ఇంకా ఖాయం కాలేదండీ" అని చెప్పేస్తుంది. నాకు నలభై నాలుగేళ్ళు.

ట్రూపు యజమాని, ప్రధాన గాయకుడు ఒక్కరే. ఆయన్ని అందరం గురువుగారూ అని పిలవాలి. ఆయన దగ్గర ఎవరూ ఏదీ నేర్చుకున్న దాఖలా లేదు. ఆ పిలుపు ఆయనే అలవాటు చేయించారు. జరీ అంచు కండువా, చేతికి మూడు ఉంగరాలు, పాట మొదలెట్టే ముందు కళ్ళు మూసుకుని పైకి చూడటం, ఇవన్నీ ఆయన సంగీతంలో భాగాలు. గొంతు కూడా ఒక భాగమే, కాకపోతే చిన్నది.

విజయవాడలో ఒక రికార్డింగు స్టూడియో మూసేస్తుంటే ఈ శాంప్లర్ నాకు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. భోజనం ప్లేటంత పెట్టె, దాని మీద పదహారు రబ్బరు మీటలు. ఏ శబ్దం వినిపిస్తే దాన్ని పట్టుకుని దాచుకుంటుంది. మీట కొడితే మళ్ళీ వినిపిస్తుంది. అంతకంటే పెద్ద విద్య లూపింగ్. ఒక మీట నొక్కి, కచేరీ మధ్యలోనే నాలుగు చుట్లు దరువు వాయించి మళ్ళీ నొక్కితే, మిషన్ ఆ ముక్కను ఆపకుండా తిప్పి తిప్పి వినిపిస్తూనే ఉంటుంది. దాని మీద తాళాలు వేయవచ్చు, ఆ పైన కోరస్ వేయవచ్చు. ఒక్క మనిషే కూర్చుని పదిమంది ఉన్నట్టు భ్రమ పుట్టించవచ్చు.

టైరు షాపు పైన మా ప్రాక్టీసు గదిలో దీన్ని గురువుగారికి చూపించాను. కండువా సర్దుకుంటూ విన్నారు.

"అంటే ఒక్కసారి వాయిస్తే చాలా?" అన్నారు.

"చాలండీ."

"మధ్యలో టీ అడగదా?"

"అడగదండీ."

"వ్యానులో కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోదుగా?"

కొట్టుకోదన్నాను. ఆ నెలలోనే డోలక్, తబలా, గిటారు, ఇద్దరు కోరస్ అమ్మాయిలు మాజీలైపోయారు. మిగిలింది గురువుగారు, ఒక గాయని, నేను, వ్యాను నడుపుతూ స్పీకర్లు మోసే డ్రైవరు. వద్దన్న కబురు వాళ్ళకు చెప్పే పని గురువుగారు నాకే అప్పగించారు. "నువ్వు మాస్టారివి కదయ్యా, నచ్చజెప్పడం నీకు తెలుసు" అన్నారు. నచ్చజెప్పాను. అది నేను గర్వంగా చెప్పుకునే సంగతి కాదు, కానీ చేసింది నేనే.

డోలక్ వాయించే ఆయన్ని ట్రూపులో అందరం బాబాయ్ అనేవాళ్ళం. బందరు మనిషి. పడుచుతనంలో సముద్రం మీదికి వేటకు వెళ్ళేవాడు, మోకాలు దెబ్బతిన్నాక డోలక్ పట్టుకున్నాడు. అరవై దాటాయి. నేను ఫోనులో అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు.

"సరేలెండి మాస్టారూ, అర్థమైంది. మరి మీ మిషన్‌కి డోలక్ ఎవరు నేర్పుతారు?"

"ఇంటర్నెట్‌లో దొరుకుతాయి బాబాయ్, శబ్దాలు."

"అవన్నీ డబ్బా మోతలండీ. నేనొచ్చి వాయించి పెడతాను, పట్టుకోండి."

అన్నమాట ప్రకారం ఆదివారం బస్సెక్కి గుడివాడ వచ్చాడు. ఒక పూటంతా కూర్చుని ఎడం చేతి ‘గుమ్’ మోతకి, కుడి చేతి ‘తక’ మోతకి, అరచేతితో నొక్కిన మోతకి విడివిడిగా నమూనాలిచ్చాడు. తన చోటు తీసుకున్న పెట్టెకు తన చేతులు రెండూ ఇచ్చి, మా ఇంట్లో మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆయన్ని బస్టాండు దాకా దించి వచ్చి, నేను ఆ శబ్దాలకు నంబర్లు వేసుకుంటూ కూర్చున్నాను.

మొదటి దెబ్బ గూడూరులో తగిలింది. ఒక రైతు ఇంట ఓణీల ఫంక్షన్. మామూలుగానే నెమ్మదైన భక్తిగీతంతో మొదలెట్టాం. నేను మీట నొక్కి, బాబాయి దరువును నాలుగు చుట్లు వాయించి, మళ్ళీ నొక్కబోయాను. నా వేలు మీట మీదికి రాకముందే మిషన్ దానంతటదే రికార్డింగు ముగించేసింది. దాంతో లూపు నాలుగు చుట్లకు బదులు రెండున్నర చుట్లకే తిరగడం మొదలెట్టింది. కుంటివాడు మెట్లు దిగుతున్నట్టుంది ఆ తాళం. గురువుగారు కళ్ళు మూసుకుని పైకి చూస్తూ పాడుతున్నారు కాబట్టి చాలాసేపు గమనించలేదు. గమనించాక కళ్ళు తెరిచి నా వైపు చూసిన చూపు మాత్రం తాళంలోనే పడింది.

తర్వాత డ్యాన్సు పాటలు వాయిస్తే ఏ తప్పూ లేదు. లూపు గడియారంలా నడిచింది. మళ్ళీ ఒక నెమ్మది పాట ఎత్తుకుంటే మళ్ళీ కుంటింది.

వ్యానులో గురువుగారు తీర్పు చెప్పేశారు. "మిషన్‌కి భక్తి లేదయ్యా. ఐటం సాంగ్స్‌కి ఎలా ఎగిరింది చూశావా? దేవుడి పాట అనేసరికి చచ్చుబడిపోయింది."

మర్నాడు దానికి నిమ్మకాయ కట్టించారు.

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి నిమ్మకాయతో సరిపెట్టుకోలేదు. అంతకంటే ఎక్కువ ఖర్చయ్యే మూఢనమ్మకాల వెంట పడ్డాను. తీగలు తప్పన్నారు, మూడు కొత్త తీగలు కొన్నాను. అడాప్టరు తప్పన్నారు, అది మార్చాను. మన వైపు వోల్టేజి నిలకడగా ఉండదన్నారు, ఇన్వర్టరుకు తగిలించాను. సముద్రపు గాలికి లోపల ఉప్పు పట్టి ఉంటుందని విజయవాడ మెకానిక్ ఒకాయన అన్నాడు. గుడివాడకు సముద్రం ఎంత దూరమో ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు. ఆయన బ్రష్షుతో తుడుస్తుంటే పక్కన నిలబడి శ్రద్ధగా చూశాను. ఇక మిషన్ సెట్టింగుల్లోకి దిగి, కనిపించిన ప్రతిదాన్నీ ఒకేసారి మార్చేశాను. ఏది మార్చానో, ముందు ఎంత ఉండేదో రాసి పెట్టుకోలేదు. లెక్క తప్పు వస్తే ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్ళి చూసుకోవాలని నా విద్యార్థులకు రోజూ గొంతు చించుకుని చెప్పేది నేనే.

ఇంత చేసినా కుంటు పోలేదు. అప్పుడు నాకొక గొప్ప అనుమానం వచ్చింది. తప్పు బాబాయి దరువులోనే ఉండి ఉంటుందని. ముసలాయన, చేతులు తడబడి ఉంటాయి, మళ్ళీ కొత్తగా రికార్డు చేయాలి అనుకున్నాను. ఆయన పని పోగొట్టిన వాణ్ణి, ఆయన తప్పు ఆయనకే చూపించడానికి మిషన్ సంచీలో పెట్టుకుని బందరు బస్సెక్కాను.

బాబాయి ఇల్లు గిలకలదిండి వైపు. నేను వెళ్ళేసరికి భోజనాల వేళ దాటింది. ఆయన అరుగు మీద కూర్చుని వల సరిచేస్తున్నాడు. పిన్ని ఉదయం అమ్మకం ముగించుకు వచ్చి, వాకిట్లో చేపల పెట్టెలు కడుగుతోంది. నన్ను చూసి ఆయనేమీ ముఖం ముడుచుకోలేదు. అలా ముడుచుకుని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

"ఏదీ, మన శిష్యుణ్ణి వాయించమనండి" అన్నాడు.

మిషన్‌ను తగిలించి నెమ్మది పాట దరువు లూపు చేశాను. కుంటింది. ఆయన మోకాలి మీద వేళ్ళతో లెక్కపెడుతూ విన్నాడు. "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ చేశాను. ఆరుసార్లు చేయించాడు. తర్వాత కొంచెం హుషారు దరువు అడిగాడు, ఆ తర్వాత బాగా జోరు దరువు. నేను తీగల గురించీ వోల్టేజి గురించీ చెప్పబోతే చేయి అడ్డంపెట్టి ఆపాడు.

"మాస్టారూ, కరెంటు తేడా అయితే ఒక్కోసారి ఒక్కోచోట తెగాలి కదండీ?"

"తెగాలి."

"ఇది ఆరుసార్లూ ఒక్కచోటే తెగింది. మూడో చుట్టు సగంలో. హుషారు దరువుకి నాలుగో చుట్టు సగంలో తెగింది. జోరు దరువుకి నాలుగు చుట్లూ పూర్తయిపోయాయి, అసలు తెగలేదు. అంటే ఏంటండీ?"

పదో తరగతి లెక్కల మాస్టారు అరుగు మీద కూర్చుని నోరు తెరుచుకు చూస్తున్నాడు.

"మీ ఫోన్లో సెకన్లు చూపించేది ఉంటుంది కదా, అది పెట్టండి" అన్నాడు.

పెట్టాను. నెమ్మది దరువు పదకొండు సెకన్ల దగ్గర తెగింది. హుషారు దరువూ పదకొండు దగ్గరే తెగింది. జోరు దరువు పది సెకన్లకే ముగిసిపోతోంది కాబట్టి దానికి తెగాల్సిన అవసరమే రాలేదు.

"దీనికి పదకొండు సెకన్ల ఊపిరే ఉందండీ" అన్నాడు బాబాయి. "నీళ్ళలో మునిగినవాడు ఎంత భక్తి ఉన్నా ఊపిరి ఉన్నంతసేపేగా ఉండేది."

అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. పనిచేసిందనడం కంటే, ఇంకొకరు చేసిన పని దానికి అర్థమైందనడం న్యాయం. లూపు పట్టుకోవడానికి మిషన్ ఖాళీ మెమరీలో కొంత జాగా వాడుకుంటుంది. దాన్నే బఫర్ అంటారు. మెమరీ అంతా ముందే నింపేస్తే బఫర్‌కు మిగిలేది చాపంత చోటు. అది నిండగానే మిషన్ రికార్డింగు ఆపేస్తుంది. తప్పు తీగది కాదు, ఉప్పుది కాదు, బాబాయి చేతులది అంతకన్నా కాదు. మరి జాగా అంతా ఏమైంది? మెమరీ జాబితా తెరిచి చూశాను.

బాబాయి డోలక్ శబ్దాలన్నీ కలిపి ఒక మూలన పడున్నాయి. శంఖం ఒకటి, గుర్రపు డెక్కలు ఒకటి. మిగతాదంతా చప్పట్లు. గురువుగారు పాట పూర్తిచేశాక వినిపించడానికి నా చేత ఎక్కించుకున్నవి. మామూలు చప్పట్లు, ఘనమైన చప్పట్లు, ఈలలతో కూడిన చప్పట్లు అని మూడు రకాలు. ఒక్కోటి నిమిషాల తరబడి, అత్యున్నత నాణ్యతలో. కోరస్ అమ్మాయిలకు చోటు లేదన్న మనిషి పెద్ద హాలు నిండా జనాన్ని తెచ్చి ఆ పెట్టెలో కూర్చోబెట్టారు.

ఈ మాట చెబితే వాకిట్లోంచి పిన్ని అందుకుంది. "చేప కంటే ఐసే ఎక్కువేశారన్నమాట పెట్టెలో."

బాబాయి నవ్వలేదు. "అవి తీసేస్తే నా దరువుకి చోటొస్తుందా మాస్టారూ?" అన్నాడు.

వస్తుందన్నాను. నేను ఆయన దరువులో తప్పు వెతకడానికి వచ్చానని ఆయనకు తెలుసు. వెళ్ళేటప్పుడు పిన్ని వద్దంటున్నా వినకుండా ఎండు చేపల పొట్లం చేతిలో పెట్టింది.

గుడివాడ రాగానే గురువుగారికి సంగతి వివరించి, చప్పట్లు తీసేయాలన్నాను. ఆయన తన ఒంట్లోంచి ఏదో తీసేయమన్నట్టు చూశారు.

"కావాలంటే డోలక్ తీసెయ్" అన్నారు.

"డోలక్ తీసేస్తే పాటకు తాళం ఎలాగండీ?"

"తాళం లేకపోతే జనం సర్దుకుంటారయ్యా. చప్పట్లు లేకపోతే కళాకారుడు ఏమైపోతాడు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది కానీ చెప్పలేదు. ఇంటికి వెళ్ళి మూడు రకాల చప్పట్లనూ ఒక్కొక్కటే తుడిచేశాను. ఎదురుగా చెప్పలేనిది చాటుగా చేయడం నా స్వభావం. దానికి ఈ వయసులో కొత్తగా సిగ్గుపడటం లేదు. జాగా ఒక్కసారిగా విశాలమైంది. నెమ్మది పాటకు నాలుగు చుట్లూ నిండుగా తిరిగాయి. ఆ సంబరంలో మాన్యువల్ తీసి మొదటిసారి చదివాను. అది కొన్న ఏడాదికి.

అందులో ఇంకో విద్య దొరికింది. మిషన్ ఎప్పుడూ చెవులు రిక్కించుకునే ఉంటుంది. మనం మీట నొక్కక ముందు గడిచిన కొన్ని సెకన్ల శబ్దాన్ని కూడా ఇంకో బఫర్‌లో దాచుకుంటూ ఉంటుంది. నొక్కడం ఆలస్యమైతే వెనక్కి వెళ్ళి పట్టుకోవచ్చు. నేను జీవితంలో దేనికైనా ఆలస్యంగానే నొక్కేవాణ్ణి కాబట్టి ఇది నాకోసమే పెట్టారనుకున్నాను. జాగా బోలెడుంది కదా అని ముప్పై సెకన్ల వెనక్కి పెట్టాను. ఈ సంగతి గురువుగారికి కూడా చెప్పాను. "మీరు ముందన్నది కూడా ఇందులో ఉంటుందండీ" అన్నాను. ఆయన అప్పుడు అద్దం ముందు మీసం సర్దుకుంటున్నారు. "ఉండనీవయ్యా, మంచిదేగా" అన్నారు.

అవనిగడ్డలో ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారి పదవీ విరమణ సన్మానానికి మమ్మల్ని పిలిచారు. పిలిచినవాళ్ళు స్టేజీ నిండుగా ఉండాలన్నారు. నేను ఆ అదను చూసుకుని బాబాయి పేరు ఎత్తాను. "వచ్చి కూర్చోమను, చూడ్డానికి బాగుంటుంది" అన్నారు గురువుగారు. అలా బాబాయి తన డోలక్‌తో చల్లపల్లి దగ్గర మా వ్యాను ఎక్కాడు. కిటికీ పక్క సీటు నేనే ఇచ్చాను.

కళ్యాణమండపంలో పట్టపగలు, పదకొండు గంటల వేళ. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి ఎవరికో వేరేవాళ్ళకు వెళ్తోంది. హెడ్‌మిస్ట్రెస్‌గారు స్టేజీ మధ్యలో కూర్చున్నారు. సన్నటి మనిషి. ఆవిడ భుజాల మీద అప్పటికే ఆరు శాలువాలు కప్పారు, మెడలో గజమాల వేశారు. అంత ఉక్కలో ఖైదీలకైనా అన్ని శాలువాలు కప్పరు. వెనకాల వంటశాల నుంచి గోంగూర పచ్చడి తాలింపు వాసన వస్తోంది.

గురువుగారు మొదటి పాట పాడారు. లూపు కుంటలేదు. పైగా బాబాయి పక్కన అసలు డోలక్ అందుకోవడంతో మిషన్‌కు ప్రాణం వచ్చింది. పాట ముగించి గురువుగారు రెండు చేతులూ పైకెత్తి నావైపు చూశారు. అది చప్పట్ల సైగ. నా దగ్గర చప్పట్లు లేవు. ఫ్యాను చప్పుడు మాత్రం వినిపించింది. ముగ్గురు కొట్టారు. అందులో ఒకడు బాబాయి. ఎత్తిన చేతులు ఎలా దించుకోవాలో తెలియక గురువుగారు నమస్కారం పెట్టి సర్దుకున్నారు. కుర్చీలో కూర్చుంటూ "తుడిచేశావు కదూ?" అన్నారు పళ్ళ బిగువున. నేను తీగలు సర్దుతున్నట్టు వంగాను.

తర్వాత ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. ఆ ప్రాంతంలో పెద్దమనిషి. ఎన్నడో ఆ స్కూలుకు బల్లలు ఇప్పించారట. బల్లల దగ్గర మొదలెట్టారు. ఆ బల్లల ఆలోచన తనకు ఎలా తట్టిందో, ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు మెచ్చుకున్నారో చెప్పారు. తన బాల్యం చెప్పారు. హెడ్‌మిస్ట్రెస్‌గారి పేరు ఒకసారి వచ్చింది, అదీ తప్పు పలికారు. పావుగంటకొకసారి "ముగిస్తున్నాను" అన్నారు. అన్నప్పుడల్లా జనం ముందుకు వంగేవాళ్ళు, మళ్ళీ వెనక్కి వాలేవాళ్ళు.

గురువుగారి మైకు ఆయన మోకాళ్ళ ముందు స్టాండుకే ఉంది. హాల్లో వినిపించకుండా నేను సౌండ్ మిక్సర్ మీద దాని మీటను కిందికి దించాను. అయితే ఆ మైకు నుంచి రెండు దారులు వెళ్తాయి. ఒకటి హాలు స్పీకర్లకు, ఒకటి నా మిషన్‌కు. మొదటిది మూశాను. రెండోది తెరిచే ఉంది. చప్పట్లు పోయిన బాధలో, ఆకలిలో, నాలుగో "ముగిస్తున్నాను" విన్నాక గురువుగారు గాయని వైపు వంగి తన మనసు విప్పారు. వెంటనే నిజంగానే ప్రసంగం ముగిసింది. నిర్వాహకులు మర్యాదకు చప్పట్లు కొట్టారు. నేను మైకు మీటను మళ్ళీ పైకి జరిపాను, గురువుగారు లేచి ఆలాపన ఎత్తుకున్నారు. బాబాయి డోలక్ అందుకున్నాడు. ఆ ఆలాపనను కోరస్‌గా తిప్పడం నా పని. ఎప్పటిలాగే ఆలస్యంగా నొక్కాను. ఆలాపన పది సెకన్లే. మిషన్ ముప్పై సెకన్ల వెనక్కి వెళ్ళింది.

మండపం నిండా, మందిరంలో గంటంత స్పష్టంగా, గురువుగారి గొంతు మోగింది.

"ఈయన ఆవిడికి సన్మానం చేస్తున్నాడా, శిక్ష వేస్తున్నాడా?"

తర్వాత ఆ మర్యాద చప్పట్లు, ఆ తర్వాత తీయటి ఆలాపన. ముందున్న మాట కత్తిరించి ఆలాపన ఒక్కటే ఉంచుదామని నాబ్ తిప్పాను. కంగారులో మొదలు వైపు కాక చివర వైపు కత్తిరించాను. ఆలాపన పోయింది. మాట మిగిలింది. లూపు చిన్నదైపోయి మరింత చురుగ్గా తిరిగింది.

"సన్మానం చేస్తున్నాడా, శిక్ష వేస్తున్నాడా? సన్మానం చేస్తున్నాడా, శిక్ష వేస్తున్నాడా?"

ఆపుదామని మీట కొట్టాను. ఆ మీట అప్పుడు పొర మీద పొర వేసే పద్ధతిలో ఉంది. అంటే కొట్టినకొద్దీ ఆగదు, వినిపించింది కూడా కలుపుకుంటుంది. సరిగ్గా అప్పుడే గురువుగారు మైకులోనే అరిచారు. "ఆపవయ్యా!"

మిషన్ దాన్ని కూడా కలుపుకుంది.

"శిక్ష వేస్తున్నాడా? ఆపవయ్యా! శిక్ష వేస్తున్నాడా? ఆపవయ్యా!"

బాబాయి వాయించడం ఆపలేదు. ఆపకపోగా ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కుతూ ఆ మాటకు అందంగా తాళం కట్టాడు. "బాబాయ్!" అన్నాను ఏడుపు గొంతుతో. "లయ బాగుందండీ మాస్టారూ" అన్నాడు. వెనక వరుసల్లో టీచర్లు ముందు చీర కొంగులు నోటికి అడ్డుపెట్టుకున్నారు. తర్వాత అడ్డు తీసేశారు. ఎవరో తాళం వేశారు. కాసేపటికి మండపమంతా ఒకే లయలో చప్పట్లు కొడుతోంది. గురువుగారి జన్మలో అంతటి చప్పట్లు ఎప్పుడూ రాలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారు తల వంచుకుని ఉన్నారు. ఆరు శాలువాలూ ఊగిపోతున్నాయి.

నేను వంగి గోడ దగ్గర మిషన్ ప్లగ్గు పీకేశాను.

ఆ నిశ్శబ్దంలో ముఖ్య అతిథి లేచి నిలబడ్డారు. "ఎవరన్నారది?" అన్నారు.

నేను గురువుగారి వైపు చూశాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. కండువా సర్దుకుని చిరునవ్వు నవ్వారు. "ఎవరూ అనలేదండీ. కృత్రిమ మేధ. ఇప్పుడొచ్చే మిషన్లన్నీ ఇంతే, వాటంతటవే మాట్లాడేస్తున్నాయి. మనుషుల గొంతులు కూడా పెట్టేసుకుంటున్నాయండీ."

ఇదెవరు నమ్ముతారు అనుకున్నాను. ముఖ్య అతిథి చుట్టూ చూశారు. తనకు తెలియదని అంతమందిలో ఒప్పుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"అవునవును. నేను పేపర్లో చదివాను" అన్నారు. మళ్ళీ మైకు తీసుకుని కృత్రిమ మేధ వల్ల సమాజానికి వచ్చే ప్రమాదాల గురించి ఇంకో పది నిమిషాలు మాట్లాడారు.

తిరుగు ప్రయాణంలో మోపిదేవి దాటాక గురువుగారు నన్ను తిట్టారు. నేనొక మాట అన్నాను, "ఆ మాట మీరన్నదే కదండీ" అని. "నేనన్నానా? ఏదీ, వినిపించు" అన్నారు. వినిపించడానికి ఏమీ లేదు. సేవ్ చేయకుండా ప్లగ్గు పీకితే బఫర్‌లో ఉన్నదంతా పోతుంది. నా చేత్తో నేనే ఆయన్ని నిర్దోషిని చేశాను.

నన్ను తీసేస్తారనుకున్నాను. తీయలేదు. మిషన్ వాడటం ఇంకెవరికీ రాదు కదా. అప్పటికి అది నాకూ రాదని ఆయన గ్రహించలేదు. పెద్ద మెమరీ కార్డు కొనిచ్చి మూడు రకాల చప్పట్లూ మళ్ళీ ఎక్కించారు. ఈసారి నాలుగో రకం కూడా చేర్చారు, లేచి నిలబడి కొట్టే చప్పట్లు. నిలబడి కొట్టినదానికీ కూర్చుని కొట్టినదానికీ వినడంలో తేడా ఏమిటని నేను అడగలేదు. బాబాయి మాత్రం మళ్ళీ ట్రూపులోకి వచ్చాడు. గురువుగారు రమ్మన్నారని కాదు. అవనిగడ్డ వైపు నుంచి పిలిచేవాళ్ళంతా "ఆ డోలక్ ఆయన వస్తారుగా?" అని అడుగుతున్నారు. వేటకు పోయినవాళ్ళు ఒడ్డుకొచ్చే రోజుల్లో పిన్నికి సాయం ఉండాలని, ఆ రోజుల్లో ఎన్ని పిలుపులు వచ్చినా రాడు. వచ్చిన రోజు నేను లూపుల జోలికి పోను.

రెండు వారాల తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గారు నాకు ఫోన్ చేశారు.

"ఆ రోజు వచ్చింది చూడండీ, ఆ ముక్క, నాకు వాట్సాప్‌లో పంపగలరా?"

"లేదండీ, పోయింది. ప్లగ్గు తీసేస్తే నిలవదండీ."

"సర్వీసంతా ఇలాంటి ప్రసంగాలు కూర్చుని విన్నానండీ. నేను అనాల్సిన మాట ఒక్కరంటే ఒక్కరు అన్నారు. అదీ దాచలేకపోయారా?" అన్నారు.

క్షమించమన్నాను.

"పోనీలెండి. ఆ మాట అన్నది మీరేనటగా? మీ గురువుగారికి ఫోన్ చేస్తే చెప్పారు, ఆయన గొంతులా మాట్లాడటం మీకు అలవాటేనట."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ గొంతులో అంతటి గౌరవం నేను ట్యూషన్ చెప్పిన ఇన్నేళ్ళలో గానీ, కీబోర్డు వాయించిన ఇన్నేళ్ళలో గానీ ఎవరి దగ్గరా వినలేదు.

"అవునండీ, నేనే" అన్నాను.